రెండో ముడి

మా మనవరాలు బ్యూలా ఫైర్ సర్వీసు ట్రైనింగులో ఉంది. రోజూ పడుకునేముందు వరండా కమ్మీకి తాడు ముడివేసి, నీళ్ల బకెట్ వేలాడదీస్తుంది. తెల్లారేదాకా నిలిస్తే ముడి వచ్చినట్టట. తెల్లారేసరికి బకెట్ నేల మీద ఉంటుంది.

"మళ్లీ ఊడింది నానమ్మా! ఇట్లయితే సోమవారం టెస్టు పోయినట్టే."

"టీచరుద్యోగం చూసుకోవే. సుద్దముక్క జారితే ఎవరూ చావరు."

విప్పేది నేనే. పిల్ల లేవకముందే లేచి విప్పేస్తాను. దాని తండ్రి, నా కొడుకు ఐజాక్, ఇదే ఉద్యోగంలో రెజిమెంటల్ బజార్‌లో ఒక గోడౌన్ మంటల్లోకి వెళ్లి, తిరిగి రాలేదు. ఒక ఇంటి నుంచి ఒకరు చాలు.

ఇవాళ సోమవారం. విప్పబోతే వేళ్లకి ఇంకో ముడి తగిలింది. తాడు కొస జారకుండా వేసేది, బ్యూలా రోజూ మరిచిపోయేది. అదీ ఎడమచేతి వాటంగా వేసి ఉంది. ఈ ఇంట్లో ఆ వాటం ఐజాక్ ఒక్కడిదే.

తాడు వదిలేసి కుర్చీలో కూలబడ్డాను.

"నానమ్మా, నిలిచింది! ఈ కొసముడి నువ్వేశావా?"

"నేను వెయ్యలేదే. తినేసి బయల్దేరు, టైమవుతోంది."

ఈ నెలలో దానికి నేను చెప్పిన మొదటి నిజం అది.