అయ్యగారి ముఖం

“ముక్కు అది కాదు బాబూ. కొస ఇంకాస్త కిందకి రావాల,” అంది అసిరమ్మ.

గంగులు చేతిలో కత్తి పక్కన పెట్టి, బొటనవేలితో బంకమట్టి అద్ది ముక్కు కొస దించాడు. ఆ ముక్కు మార్చడం అది నాలుగోసారి.

హైస్కూలు వెనక తాటాకు పాకలో పని జరుగుతోంది. స్కూలుకి స్థలం ఇచ్చి, దగ్గరుండి కట్టించిన నారాయణమూర్తిగారి విగ్రహాన్ని పంద్రాగస్టుకి గేటు ముందు నిలబెట్టాలి. 1968 జూలై సగం అయిపోయింది. ఒళ్ళు, చేతులు, కాళ్ళు సిమెంటులో పోత పోసి ఆరాయి. తల మాత్రం ఇంకా మట్టిలోనే ఉంది. అది కుదిరితేనే అచ్చు తీసి సిమెంటు పోయాలి.

నారాయణమూర్తిగారికి ఫొటో లేదు. ఫొటో తీస్తే ఆయుష్షు తగ్గుతుందని ఆయన నమ్మకం. తీయించుకోకుండానే నలభై ఆరో ఏట పోయారు. అప్పటికి కొడుకు నరసింగరావు ఉయ్యాల్లో ఉన్నాడు. ఇప్పుడు విగ్రహం కమిటీకి అతనే అధ్యక్షుడు. తండ్రి ముఖం ఎలా ఉంటుందో అతనికీ తెలియదు. తల్లి పోయింది, ఆ పెద్దాయనతో సమానంగా కూర్చున్నవాళ్ళెవరూ బతికి లేరు.

అసిరమ్మ రాకముందు గంగులు ఆయన పొలాల్లో పనిచేసిన ముసలివాళ్ళను పన్నెండుమందిని పాకకి పిలిపించాడు.

“అయ్య మొకం మేం ఎప్పుడు సూసాం బాబూ? ఆరొస్తంటే తల దించీసీవోళ్ళం,” అన్నాడు అప్పలసూరి. “కాళ్ళడుగు, సెప్తాను. కుడికాలి బొటనేలు గోరు సగమే ఉండీది.”

మిగతా పదకొండుమందీ గోరు సంగతి అలాగే చెప్పారు. అందుకే విగ్రహానికి పాదాలు ముందు పూర్తయ్యాయి.

“ఏదో ఒక పెద్దమనిషి ముఖం పెట్టెయ్యవయ్యా,” అన్నాడు హెడ్మాస్టరు సత్యానందం. “కళ్ళజోడూ, పైపంచే ఉంటే చాలు. కాదనడానికి ఎవడున్నాడు?”

గంగులు ఒప్పుకోలేదు. నాలుగేళ్ళ కిందట పాతపట్నం అవతల ఒక ఊళ్ళో అతను చేసిన విగ్రహం చూసి, చనిపోయిన మనిషి కూతురు “ఇదెవరు?” అని అడిగింది. అప్పట్నించీ ఎక్కడ విగ్రహం కనిపించినా ఆగి ముఖం చూడడం అలవాటయింది. శ్రీకాకుళంలో ఆగాడు, విజయనగరంలో ఆగాడు. చాలావాటికి పేరు పలక మీదే ఉంది, ముఖంలో లేదు.

“ముఖం దొరక్కపోతే మొండెమే నిలబెడతాను మాస్టారూ. అబద్ధం మాత్రం పెట్టను,” అన్నాడు.

ఆ మర్నాడే అసిరమ్మ వచ్చింది. వయసులో ఉండగా నారాయణమూర్తిగారింట్లో నీళ్ళు మోసిన మనిషి. ఇప్పుడు అరవై దాటాయి.

“మొకం నాను సెప్తాను. నువ్వు సెయ్యగలవేటి?”

“చెప్పినట్టు చేస్తాను అప్పా.”

“బాగోనేదంటే మూతి ముడవకూడదు మరి.”

“ముడవను.”

ఊడుపుల రోజులు. కూలి మానుకుని పదకొండు రోజులు వచ్చింది. దవడ ఎముకలు తేలాలంది. బుగ్గలు తగ్గించమంది. కళ్ళ కొసల్లో ముడతలు గీయించింది.

“ఎండలో సిట్లించి సిట్లించి అలగయిపోనాయి,” అంది.

“అంత ఆస్తి ఉన్నాయనకి ఎండలో ఏం పని?”

“ఈ బడి కట్టిన రెండేళ్ళూ ఎండే కదేటి.”

ఎడమ కనుబొమ మీద గాటు కూడా పెట్టించింది. పునాదికి రాళ్ళు కొడుతున్నప్పుడు పెచ్చు ఎగిరి తగిలిందని చెప్పింది. పని చూడ్డానికి వచ్చిన నరసింగరావు అది విని దగ్గరకొచ్చి ఆ గాటు చూశాడు.

“నాన్నగారికి దెబ్బ కూడా తగిలిందన్నమాట,” అన్నాడు. “ఒసే అసిరీ, ఇన్నాళ్ళూ చెప్పలేదేమే?”

“ఎవులడిగినారు బాబూ?”

పదకొండో రోజు గంగులు పై పెదవి కాస్త నొక్కి వెనక్కి జరిగాడు. అసిరమ్మ లేచి వచ్చి మట్టి చెంప మీద అరచెయ్యి ఆనించి, అలాగే ఉంచేసింది. చెయ్యి తీసేసరికి వేళ్ళ గుర్తులు పడ్డాయి.

గంగులుకి ఒక అనుమానం వచ్చింది. నీళ్ళు మోసే మనిషి యజమానిని అంత దగ్గరగా ఎప్పుడు చూసి ఉంటుంది? అడగకూడని మాట అనుకున్నాడు. గుర్తులు సరిచేసి మర్నాడు అచ్చు తీశాడు.

పంద్రాగస్టు ఉదయం జెండా ఎగరేశాక విగ్రహం మీద గుడ్డ లాగారు. నరసింగరావు తలెత్తి చాలాసేపు చూశాడు. “నాన్నగారూ,” అని పాదాలకి దణ్ణం పెట్టాడు. కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు.

అప్పలసూరి మెడ వెనక్కి వంచి చూశాడు. “అచ్చం అయ్యే!” అన్నాడు.

“ముఖం ఎప్పుడూ చూళ్ళేదన్నావు కదయ్యా?” అన్నాడు గంగులు.

“ఇప్పుడు సూస్తన్నాను కదేటి!”

మిఠాయి పంచాక జనం వెళ్ళిపోయారు. అసిరమ్మ ఒక్కతే గద్దె ముందు నిలబడి ఉంది. గంగులు దగ్గరకి వెళ్ళాడు.

“పోలిక కుదిరిందా అప్పా?”

“కుదిరింది బాబూ. ఏటీ తేడా నేదు.”

ఆపుకోలేక అడిగేశాడు. “ఊరంతా తల దించుకుంటే నువ్వొక్కదానివీ అయ్యగారి ముఖం ఎలా చూశావు?”

అసిరమ్మ విగ్రహం మీంచి చూపు తిప్పలేదు.

“అయ్య మొకం నానూ సూడనేదు బాబూ, ఇది నా మొగుడిది.”