వెర్నా చదివిన పేపరు

"చదువు వెర్నా, ఇంకా ఏం వెలగబెట్టాడట?" కౌంటరుకు ఈ చివర నుంచి అడిగాడు హార్లన్.

"కాస్త మర్యాదగా అడుగు. దేశాధ్యక్షుడాయన," అన్నాడు ఆ చివర నుంచి క్లేటన్.

"ఇంకా కాలేదు. జనవరి ఇరవైన ప్రమాణం చేసేదాకా ఆయనా నాలాంటివాడే. టిఫిను తిని ఇంటికి పోవాలి, అంతే."

హోటలు నడిపే వెర్నా కౌంటరు వెనక ఇద్దరి మధ్యా నిలబడి ఉంది. పక్కనే క్రిస్మస్ బొమ్మల పెట్టె. ఒక్కో గాజు బొమ్మకు చుట్టిన పాత కాగితం విప్పుతూ, మధ్యమధ్య పేపరు చదివి వినిపిస్తోంది. మంచు కబురు అయిపోయింది, ఇప్పుడు రాజకీయం. పేపరు అక్కడక్కడ ముడతలు పడి, పేజీ తిప్పితే పెళపెళలాడుతోంది. క్లేటన్‌కు కంటి ఆపరేషనై వారమే అయింది. హార్లన్ కళ్ళజోడు ట్రక్కులో వదిలి వచ్చాడు, చలిలో మళ్ళీ వెళ్ళడానికి బద్ధకం.

"రెండు పార్టీలకీ చూపు లేదు. అంతా నా ప్రాణానికొచ్చింది," అంది వెర్నా.

ఎనిమిదేళ్ళు హార్లన్ ఓటేసిన మనిషి దేశాన్ని ఏలాడు. ఈ నవంబరులో క్లేటన్ మనిషి గెలిచాడు. అప్పటినుంచి, నలభై ఏళ్ళుగా పక్కపక్క కుర్చీల్లో కూర్చున్న ఇద్దరూ చెరో చివరకు జరిగారు. వెర్నాకు రాజకీయం పట్టదు, గిరాకీ పడుతుంది. ఒకడు అలిగితే పోయేది ఒక్కడు కాదు, వాడితో వాడి పార్టీవాళ్ళ బల్లలన్నీ ఖాళీ అవుతాయని ఆమెకు తెలుసు. దానికి తోడు కొత్త సంవత్సరం విందు దగ్గర పడుతోంది. ఆ రోజు పంది మాంసం, పులిసిన క్యాబేజీ కలిపి తినకపోతే ఏడాదంతా కలిసిరాదని పెన్సిల్వేనియాలో ఆ ప్రాంతమంతా నమ్మకం. అగ్నిమాపక దళం హాల్లో ఊరంతటికీ వండేది వెర్నాయే. పంది హార్లన్‌ది. అక్టోబరులో జాడీల్లో ఊరేసిన క్యాబేజీ క్లేటన్‌ది. ఒకటి లేకపోతే రెండోది ఎవరూ ముట్టరు.

"'కాబోయే అధ్యక్షుడు నిన్న నలుగురు విదేశీ నాయకులతో ఫోన్లో మాట్లాడారు,'" చదివింది వెర్నా.

"చూశావా! కుర్చీ ఎక్కకముందే పని మొదలెట్టాడు," అన్నాడు క్లేటన్.

"పని కాదు, పెత్తనం. దేశానికి ఒకసారికి ఒక్కడే అధ్యక్షుడు. పెళ్ళి కాకుండానే కాపురం పెట్టినట్టుంది!"

"'కాబోయే అధ్యక్షుడు తన చిన్ననాటి స్నేహితుడికి ఖజానా బాధ్యత అప్పగించనున్నారు.'"

"వాడికేం అర్హత ఉందట? కలిసి చేపలు పట్టారనా?"

"నమ్మినవాణ్ణి పెట్టుకోక నిన్ను పెట్టుకుంటాడా?"

"ఇలాంటివాడికి చప్పట్లు కొట్టే మనిషి క్యాబేజీ పక్కన నా పంది ఉడకదు. చెబుతున్నా, వెర్నా!"

"మంచిది. కోడి వండుకోండి," అన్నాడు క్లేటన్.

పొయ్యి దగ్గర వంటవాడు గరిట పట్టుకునే ఇటు తిరిగాడు. పంది ముట్టెతో ముందుకు తవ్వుతుంది, కోడి కాళ్ళతో వెనక్కి గీరుతుంది; తిన్నవాళ్ళ అదృష్టమూ అటే నడుస్తుందని నమ్మకం. కొత్త సంవత్సరం రోజున ఆ ఊళ్ళో కోడి పేరెత్తడం శాపం పెట్టడం లాంటిదే.

వెర్నా పేపరును దగ్గరగా పట్టుకుని పైఅంచు చూసింది. నుదురు కొట్టుకుంది.

"అయ్యో, తప్పు నాదే. బొమ్మలకి చుట్టిన కాగితం పట్టుకుని చదువుతున్నాను. ఇది ఎనిమిదేళ్ళ కిందటి పేపరు!"

హార్లన్ చేతిలో కప్పు నోటి దాకా వెళ్ళి ఆగింది.

"ఎనిమిదేళ్ళంటే..."

"అవును. ఇందులో కాబోయే అధ్యక్షుడు నీ మనిషే."

"మరి ఇందాక పది అంగుళాల మంచు పడుతుందని చదివావే?" అన్నాడు క్లేటన్ అనుమానంగా.

"అప్పుడూ డిసెంబరే కదా. డిసెంబరులో మంచు కాక మామిడిపళ్ళు పడతాయా?"

హార్లన్ కుర్చీ దిగాడు. "ఉండు, కళ్ళజోడు తెచ్చుకుని నేనే చూస్తా."

వెర్నా గబుక్కున పేపరు మడిచింది. ముఖంలో మాత్రం ఏమీ కనపడనివ్వలేదు.

"తప్పకుండా తెచ్చుకో. ఎవరిని తిట్టావో పేరుతో సహా నువ్వే గట్టిగా చదువు. హోటలంతా వింటుంది."

హార్లన్ తలుపు వైపు చూశాడు. బల్లల వైపు చూశాడు. మళ్ళీ కూర్చున్నాడు.

ముందు నవ్వింది క్లేటన్. "చిన్ననాటి స్నేహితుడు! అప్పుడు వాణ్ణి నువ్వు మేధావి అన్నావురా!"

"నోరు మూసుకో. నువ్వు ఇప్పుడు పొగిడింది నా మనిషినేగా!"

"పొగిడాను," ఒప్పుకున్నాడు క్లేటన్. "ఎనిమిదేళ్ళు ఆలస్యంగా."

హార్లన్ బుగ్గలు కూడా అదిరాయి. ఇద్దరూ కళ్ళు తుడుచుకునేదాకా నవ్వారు. నవ్వులో ఎప్పుడు జరిగాడో, హార్లన్ పాత కుర్చీలోకి వచ్చేశాడు.

"జాడీలు ఎన్ని పెట్టావేమిటి?"

"ఆరు. ఈసారి పులుపు బాగా పట్టింది. ఈ కంటితో మోసుకురాలేను."

"నా ట్రక్కుంది కదరా. పద, ఇప్పుడే తెచ్చేద్దాం. ఏమ్మా వెర్నా, చోటుందా?"

"మీ ఇద్దరికీ తప్ప అన్నిటికీ ఉంది. పోండి!"

ఇద్దరూ ఒకరి భుజం ఒకరు పట్టుకుని మంచులో జారకుండా ట్రక్కెక్కారు. వెర్నా హాయిగా ఊపిరి వదిలింది. పేపరును అరచేత్తో సాపు చేసి, గిరాకీలు తీసుకునేలా తలుపు పక్కన ఎప్పటి చోటులో పెట్టింది.

అది ఆ పొద్దున్నే వచ్చి, గుమ్మంలో మంచులో పడి తడిసిన ఆ రోజు పేపరే.