రెండో గీత

షెడ్డులో మెకానిక్ ఒక్కడే ఉన్నాడు. బల్ల మీద నాలుగు చక్రాల రేసు బండి ఇంజన్ ఉంది. పాతదానికన్నా పెద్ద పిస్టన్ వేసి, దాని పైన మూతలా హెడ్డు కూర్చోబెట్టి, బోల్టులు బిగిస్తున్నాడు. బిగించిన ప్రతి బోల్టు మీదా తెల్ల పెయింటుతో గీత పెట్టడం అతని అలవాటు. బావ మళ్లీ సరిచూసి, పక్కనే రెండో గీత పెట్టేవాడు. "నీ గీతని నమ్ముకుంటే నా తలరాత మారిపోద్దిరా బావమరిదీ," అని ఏడిపించేవాడు.

పోయినేడు ఒక్కసారి తొందరలో, చూడకుండానే ఈ బండెక్కి వెళ్లాడు. కొండ మలుపులో ఇంజన్ బిగుసుకుపోయింది. ఇంటికి బండి ఒక్కటే తిరిగొచ్చింది.

మూడు బోల్టులయ్యాక ఫోను మోగింది. అక్క.

"రేపు పందెంలో నీ మేనకోడలే నడుపుతుందిరా. ఒకటికి రెండుసార్లు చూసుకో."

"చూస్తాలే అక్కా, బెంగపెట్టుకోకు." మాట్లాడుతూనే నాలుగోదానికీ గీత గీసేశాడు.

చేతులు తుడుచుకుని వెనక్కి తిరిగేసరికి, మూడు బోల్టుల మీద రెండేసి గీతలున్నాయి. తాకితే వేలికి తడి అంటింది. నాలుగోదాని మీద ఒక్కటే ఉంది.

రెంచి వేస్తే ఆ బోల్టు వదులుగా తిరిగింది. బిగించకుండానే గీత పెట్టేశాడు. ఆ రోజు కూడా ఇంతేనా?

గట్టిగా బిగించాడు. బిగువు సరిపోగానే రెంచి టక్కుమంది. దాన్ని బల్ల మీద పెట్టి, గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

"చూడు బావా," అన్నాడు.

చాలాసేపు ఏమీ వినబడలేదు. తర్వాత వీపు వెనక రెంచి టక్కుమంది.