గోడ అవతలి గొంతు

...పైనుంచి అన్నీ చూస్తాడట. పొద్దున్నే డబ్బా చేతికిస్తూ భార్య రోజూ అనే మాట. 'భయపడకండి, పైవాడు చూస్తున్నాడు.' పైనుంచి చూడడం అంటే ఏమిటో ఆమెకేం తెలుసు? క్రేన్ నడిపే అతనికి తెలుసు. క్రేన్ మీద గాజుగదిలో కూర్చున్నవాడికి కింద మనుషులు చీమల్లా కనిపిస్తారు. ఏ చీమ నవ్వుతోందో, ఏది ఏడుస్తోందో తెలియదు. పైవాడికీ అంతేనేమో.

కేకలతో ఆలోచన తెగింది. ఎదుట సగం కట్టిన భవనం కిటికీల్లోంచి నల్లగా పొగ పొంగుతోంది.

వెల్డింగు చేస్తుంటే నిప్పురవ్వ పడి థర్మాకోల్ అట్టలు అంటుకున్నాయట. అందరూ దిగిపోయారు, ఒక్కడు తప్ప. మెట్ల నిండా పొగ. ఆ ఒక్కడూ పై అంతస్తులో, వెనక గోడ దగ్గర చిక్కుకుపోయాడు. సామాను దించుకోవడానికి అక్కడ బయటికి వేసిన ఇనప పలక ఉంది. పనిముట్లు పంపిన బుట్ట ఇంకా దాని మీదే, క్రేన్ తాడుకు తగిలించి ఉంది. ఒక మనిషి నిలబడేంత బుట్ట. వాణ్ణి అందులో వెనక సందులోకి దించాలి.

వెనక వైపు క్రేన్ ఆపరేటర్‌కి కనిపించదు. భవనం అడ్డం.

ఇలాంటప్పుడు అతనికి కళ్లుండవు, చెవులే. చూసేవాడు వాకీటాకీలో చెబుతాడు. కుడికి, ఎడమకి, దించు, ఆపు. ఒక్క గొంతే వినాలి. మరో గొంతు వినిపిస్తే మీట వదిలేయాలి. అది పని నియమం. అతనికి ఆ గొంతు బావమరిదిది. ఎప్పుడూ సందులో, గేటు పక్కన నిలబడి చెబుతాడు.

"బావా, వినబడుతోందా?" గొంతు బొంగురుగా ఉంది.

"ఎక్కడ చచ్చావురా ఇంతసేపు? ఎవడు వాడు, చిక్కుకున్నది?"

"ఎవడైతే నీకెందుకు? బుట్టలోకి ఎక్కేశాడు. గడియ పడింది. కాస్త పైకెత్తు."

"పొగలో సరిగ్గా తెలుస్తోందా నీకు?"

"నేనుండగా నీకెందుకు బావా బెంగ? ఎత్తు."

ఎత్తాడు. చెమటకు మీట జారుతోంది. తాడు చివర ఒక ప్రాణం. ఏ ఇంట్లోనో వాడికోసం ఎవరో ఎదురుచూస్తూ ఉంటారు.

"బయటికి తిప్పు... ఇంకాస్త... చాలు. ఇక దించు. నీ చెయ్యి వణుకుతోంది బావా."

"నా చెయ్యి కనిపిస్తోందా నీకు అక్కణ్ణుంచి?"

"బుట్ట ఊగడం లేదూ? మా అక్క గట్టిగా పిలిచినప్పుడు కూడా ఇంత వణకవు కదయ్యా!"

అంత భయంలోనూ నవ్వొచ్చింది. నవ్వు సగంలో ఉండగా గాలి కొట్టింది. తాడు పక్కకు లాగేసింది. వాకీటాకీలో ఏదో గోడకు ఒరుసుకున్న చప్పుడు. ఆ తర్వాత ఏమీ లేదు.

"ఒరేయ్!"

గరగర.

"ఒరేయ్, పలకరా! తిట్టనైనా తిట్టరా!"

దించాలా? ఎత్తాలా? కాస్త కదిపితే గోడకు కొట్టుకోవచ్చు. కదపకపోతే పొగ మింగేస్తుంది. అప్పుడు అర్థమైంది. ఇన్నేళ్లూ తనను భయపెట్టింది ఎత్తు కాదు. గోడ అవతల ఎవరూ లేరేమో అన్న అనుమానం. లేని గొంతుకు ఇంతకాలం తలూపుతున్నానేమో అన్న అనుమానం. చూస్తున్నాడట! చూస్తే సరా? చెప్పొద్దూ? ఈ లెక్కన దేవుడికన్నా బావమరిదే నయం. అరిస్తే పలుకుతాడు.

ఇప్పుడు వాడూ పలకడం లేదు.

మీట కదలకుండా రెండు చేతులా బిగించి పట్టుకున్నాడు. పెదవులు వాటంతటవే కదిలాయి. 'ఉన్నావా? ఉంటే చూడు. నాకు చెప్పక్కర్లేదు. నీ మాట నాకు ఎప్పుడూ వినపడలేదు. వాడికి చెప్పు. వాడు నాకు చెబుతాడు.'

పొగ అలాగే ఉంది. ఆకాశం అలాగే ఉంది.

"బావా..." దగ్గు. "కదపలేదు కదా?"

"లేదురా, లేదు!"

"మంచి పని చేశావు. ఇప్పుడు ఎడమకి. మెల్లగా, పసిపిల్లని పడుకోబెట్టినట్టు. ఆ, చాలు. దించు... ఒక సన్‌షేడ్ దాటింది... ఇంకోటీ దాటింది... కింద మనుషులు వచ్చారు... ఇంకాస్త... ఇంకాస్త... ఆపు!"

తాడు సడలింది. ఆపరేటర్ సీట్లో వెనక్కి వాలిపోయాడు.

"బతికే ఉన్నాడా?"

"ఉన్నాడు బావా. నీ చలవే."

"నాదేముందిరా? చూసింది నువ్వు. ఓసారి ముందు వైపుకి రా. నీ మొహం చూస్తేగానీ నా గుండె కుదుటపడదు."

అవతలినుంచి మళ్లీ దగ్గు.

"వస్తున్నా. అంబులెన్సు అటే ఉందట."

ఆపరేటర్ కిటికీ తెరిచి, పొగ వాసనలోకి తల పెట్టి, చెయ్యి ఊపడానికి సిద్ధంగా కిందికి చూశాడు.

తలగుడ్డ తడిపి రెండు కళ్లకూ గట్టిగా కట్టుకుని, బుట్టలోంచి గోడ తడిమి తడిమి చర్మం లేచిపోయిన చేత్తో వాకీటాకీ పట్టుకుని, ఇద్దరు మనుషులు భుజాలు పట్టి నడిపిస్తుంటే అడుగులు వెతుక్కుంటూ వస్తున్న బావమరిదిని చూడగానే, ఊపబోయిన ఆ చెయ్యి జోడించడానికి రెండో చేతిని వెతుక్కుంది.