ముప్ఫై ఒక్క ముళ్లు

బస్సు యారాడ కొండ ఎక్కుతోంది. డాక్టర్ అనూరాధ కిటికీ ఊచ పట్టుకుని కూర్చుంది. మలుపు తిరిగితే చాలు, కింద నీలంగా సముద్రం. వేరే రోజయితే ఆ నీలం చూసి చిన్నపిల్లలా పొంగిపోయేది. ఇవాళ చూపు దేని మీదా నిలవడం లేదు.

ముప్ఫై ఒక్క సీసాల రక్తం. అందులో ఒకటి హెచ్‌ఐవీ పాజిటివ్. రెండుసార్లు చూసినా అదే.

గర్భిణుల్లో ఈ జబ్బు ఎంత ఉందో తెలుసుకోవడానికి రెండు నెలల కిందట యారాడలో తీసిన రక్తం అది. సీసాల మీద పేర్లుండవు. ఏది ఎవరిదో ఎవరికీ తెలియకూడదు. ఆ నియమం రాసింది అనూరాధే. ఇప్పుడదే గొంతుకి అడ్డం పడింది. మనిషి ఎవరో తెలిస్తే నొప్పుల వేళ తల్లికో మాత్ర, పుట్టగానే బిడ్డకో చుక్క మందు. బిడ్డ దక్కుతుంది, చాలావరకు. తెలియకపోతే?

అందుకే వారం కిందట మళ్లీ వచ్చింది. ఈసారి ఒప్పించి, పేర్లు రాసుకుని మరీ పరీక్షలు చేయించింది. ముసలి మంత్రసాని పోతమ్మ ఇల్లిల్లూ తిప్పి ముప్ఫై మందిని చూపించింది. నిన్న ఫలితాలొచ్చాయి. ముప్ఫై మందీ క్షేమం.

మరి ముప్ఫై ఒకటో మనిషేదీ?

నిన్నటి నుంచి కాలు ఒకచోట నిలవలేదు. కూరలో ఉప్పు రెండుసార్లు వేసింది. పెళ్లయి నాలుగు నెలలే కదా, మోహన్ ఆ కూరే లొట్టలేసుకుంటూ తిని స్టీలు ప్లాంటు డ్యూటీకి వెళ్లాడు. పొద్దున్నే కూర్మన్నపాలెంలో బస్సెక్కేసింది.

పోతమ్మ గుడిసె ముందు ఇసుకలో ఎండు చేపలు తిరగేస్తోంది. ఆ వాసనకి అనూరాధ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది.

"ఏటి డాట్రమ్మా, ఎప్పుడూ లేంది సేపలు కంపు కొడతన్నాయా?" పోతమ్మ ఓరగా చూసింది. "నీ కళ్లే సెప్తన్నాయి. ఎన్నో నెల?"

అనూరాధ బుగ్గలు వేడెక్కాయి. "రెండో నెల మామ్మా. ఆయనకింకా చెప్పలేదు. ఆదివారం సింహాచలం వెళ్తున్నాం. కొండ మీద చెప్తా."

"అదే మంచిది. మగోడికి ముందే సెప్తే ఊరంతా సాటింపేసేత్తాడు."

ఒక్క క్షణం ఇద్దరూ నవ్వారు. అనూరాధని మళ్లీ గుబులు పట్టుకుంది.

"మామ్మా, ఆ రోజు రక్తం ఇచ్చినవాళ్లలో ఒకరు దొరకడం లేదు. పుట్టింటికెవరైనా వెళ్లారేమో గుర్తు చేసుకో. ఆమెకో మందివ్వాలి. కడుపులో బిడ్డ కోసం."

"గురుతెందుకు? నా కాడ లెక్కుంది."

పోతమ్మకి చదువు రాదు. తను పురుడు పోసిన ప్రతి బిడ్డకీ వల తాడు మీద ఒక ముడి వేసుకుంటుంది. ఆ రోజు సూదికి చెయ్యి చాపిన ప్రతి మనిషికీ అలాగే వేరే తాడు మీద ఒక ముడి వేసింది. చూరులోంచి ఆ తాడు లాగింది. అనూరాధ ఆత్రంగా లెక్కపెట్టింది. సరిగ్గా ముప్ఫై ఒకటి.

పోతమ్మ ఆఖరి ముడి నుంచి వెనక్కి వస్తోంది. "ఇది నూకాలు. అందరి తరవాత ఏడుసుకుంటా ఒచ్చింది. ఇది తవిటమ్మ. ఇది గంగాలమ్మ కోడలు..."

ఒక్కో పేరుకీ అనూరాధ కాగితం మీద టిక్కు పెడుతోంది. పది. ఇరవై. ముప్ఫై. కాగితం మీద పేర్లు అయిపోయాయి.

పోతమ్మ వేళ్ల మధ్య ఇంకొక్క ముడి మిగిలింది.

"ఎవరు మామ్మా?" అనూరాధ లేచింది. చెప్పులు అప్పుడే కాళ్లకి తగిలించేసుకుంది. "ఎక్కడుంటుందో చెప్పు, ఇప్పుడే వెళ్తా!"

పోతమ్మ బోసినోరంతా తెరిచి నవ్వింది.

"ఎక్కడికెల్తావమ్మా, మా ఆడోల్లంతా సూదికి బయపడి ఎనక్కి తగ్గిపోతే, 'ఇదిగో సూడండి' అని అందరికన్నా ముందు సెయ్యి సాపి నెత్తురిచ్చింది నువ్వే కదేటి!"