ఏ చెయ్యైతే ఏంది?

పొద్దుటినుంచి షాపు ముందు తచ్చాడుతున్న ముసలాయన అద్దాల తలుపు అవతల మళ్లీ కనిపించగానే డానియల్ మానిటర్‌ను పక్కకు తిప్పేశాడు.

బొగ్గు గనుల ఊళ్లో, తుకుం పేటలో అతను డీటీపీ షాపు పెట్టి ఏడాది కాలేదు. పెళ్లికార్డులు, బిల్లుపుస్తకాలు తప్ప ఎరగని షాపుకు మొదటిసారి పెద్ద పని వచ్చింది. లాల్‌పేట్ తెలుగు చర్చి యాభై ఏళ్ల పండుగ పుస్తకం, నాలుగు రంగుల అట్ట.

ఇది బాగా వస్తే చుట్టుపక్కల చర్చిల పనులన్నీ తనవే. చెడితే ఎదురు షాపు అనంతరావువి.

వాళ్లిద్దరి మధ్య పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది. పోయిన నెల డానియల్ గీసిన క్యాలెండర్ బొమ్మ అచ్చంగా అనంతరావు షాపులో తేలింది. అప్పటినుంచి లోపలికొచ్చిన ఈగను కూడా ఎవరు పంపారా అని చూస్తున్నాడు.

ముసలాయన ఒక కాలు ఈడుస్తూ లోపలికి వచ్చాడు.

"బిడ్డా, అబ్బయ్య అయ్యగారి ఫొటో నీ తాన ఉన్నదట."

"ఎవలు చెప్పిన్రు?"

"లాల్‌పేట్‌ల అనుకుంటుండ్రు. ఒక్కసారి చూపెట్టు, చూసి పోత."

అబ్బయ్య ఆ చర్చి కట్టించిన మొదటి పాస్టరు. అంతకుముందు బొగ్గు గనిలో పని. పైకప్పు కూలి ఒక చెయ్యి పోయాక పాస్టరయ్యాడు. ఆయన పోయి చాలా కాలమైంది. మిగిలింది ఒక్కటే ఫొటో, అదే అట్ట మీదికి ఎక్కింది.

"పుస్తకం అచ్చైనంక చూద్దువు తాతా," అన్నాడు డానియల్.

ముసలాయన వినిపించుకోలేదు. బల్ల చుట్టూ తిరిగి వచ్చి తెర మీదికి వంగాడు. చాలాసేపు చూసి కండువాతో కళ్లు తుడుచుకున్నాడు.

దొంగ ఏడుపుకు ఏం తక్కువ లేదు అనుకున్నాడు డానియల్.

"బిడ్డా, గా చెయ్యి గాదు."

"ఏంది?"

"అయ్యగారికి పోయింది ఎడమ చెయ్యి. ఇండ్ల కుడిది లేదు."

డానియల్ గతుక్కుమన్నాడు. ఫొటోను తిప్పిన మాట నిజమే. అసలు ఫొటోలో అబ్బయ్య అట్ట బయటికి చూస్తున్నాడు. ముఖం ఎప్పుడూ పుస్తకం పేరు వైపే చూడాలని నాగపూర్‌లో పని నేర్పినవాళ్లు చెప్పారు. అందుకే అద్దంలో కనిపించినట్టు కుడిని ఎడమ, ఎడమను కుడి చేసేశాడు.

ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. మరి ఈయనకు ఎలా తెలిసింది?

అనంతరావు ఎక్కడో అసలు ఫొటో చూసి ఉంటాడు. ఈయనను తోలింది అతనే. ఈ కంప్యూటర్‌లో రంగుల ఫైలు విప్పాలంటే టీ తాగి రావచ్చు. మళ్లీ సర్దుతూ కూర్చుంటే డిస్కు పంపాల్సిన నాగపూర్ బస్సు పోతుంది, అక్కడినుంచి అచ్చు ఫిలిములు రావు, ఆదివారానికి పుస్తకం ఉండదు. అనంతరావుకు కావలసింది అదే.

అనుమానం పెనుభూతమని పెద్దలు ఊరికే అనలేదు.

"నీకెట్ల తెలుసు?" అని అడిగాడు.

"నాకెర్కే."

"ఆయనకు నువ్వేమైతవ్?"

ముసలాయన ఏదో చెప్పబోయి ఆగిపోయాడు.

"ఏం గాను బిడ్డా."

డానియల్‌కు రుజువు దొరికినట్టే అయింది.

"అనంతరావు తోలిండా నిన్ను?"

"గాయన ఎవలు?"

"నాటకం మంచిగనే ఆడుతున్నవ్. ఏ చెయ్యైతే ఏంది తాతా? సగం మందికి యాదే ఉండదు."

ఆ మాటకు ముసలాయన ముఖం చిన్నబోయింది. మెల్లగా అన్నాడు.

"నా తాన అయ్యగారి ఫొటో లేదు. ఒక్క కాగితం మీద తీసియ్యి. గుట్టల మీద మా జివతి దాంక తీస్కపోత."

కాగితం ఇస్తే సాయంత్రానికి అది ఎదురు షాపులో ఉంటుంది. డానియల్ లేచి తలుపు తెరిచి పట్టుకున్నాడు.

"చెయ్యి మాత్రం మార్చు బిడ్డా," అని ముసలాయన మెట్లు దిగాడు.

ఎదురు షాపు వైపు తలైనా తిప్పకుండా బస్టాండు దారి పట్టాడు. నేను చూస్తున్నానని తెలిసే అలా పోతున్నాడు అనుకున్నాడు డానియల్.

తర్వాత పని జాగ్రత్తగా ముగించాడు. నాగపూర్‌లో తెలుగు ఫాంటు ఉండదు కాబట్టి అక్షరాలన్నీ బొమ్మలుగా మార్చాడు. అంచుల్లో కోతకు జాగా వదిలాడు. ఫొటోను మాత్రం ముట్టుకోలేదు. డిస్కు బస్సెక్కింది.

ఆదివారం చర్చి నిండిపోయింది. పుస్తకాలు పంచారు. ముందు వరుసలోని ముసలివాళ్లు అట్ట చూసి, పుస్తకాన్ని ఒళ్లో బోర్లించుకుని కూర్చున్నారు.

అబ్బయ్య కూతురు రాహేలమ్మ డానియల్‌ను పక్కకు పిలిచింది.

"మా నాయన కుడి చెయ్యి నెత్తి మీద పెట్టి దీవించేటోడు. వీళ్లందర్నీ గట్లనే దీవించిండు. గా చెయ్యే లేకుండ చేస్తివి గద బిడ్డా."

డానియల్‌కు తల ఎత్తబుద్ధి కాలేదు.

"నీకెవ్వరు చెప్పలేదా?" అని అడిగింది ఆమె.

"ఒక ముసలాయన చెప్పిండమ్మా. కాలు ఈడుస్తడు, జివతి దిక్కాయన. అనంతరావు మనిషనుకొని ఎల్లగొట్టిన."

రాహేలమ్మ రెప్ప వేయకుండా అతన్నే చూసింది. తర్వాత వేదిక మీద పూలదండ వేసిన ఖాళీ కుర్చీ వైపు చూసింది.

"గా కాలు ఈడ్చేటాయన సారయ్య. గది ఆయనకు ఏసిన కుర్చీ. ఈ పండుగకు ఎట్లన్న తేవాలని గుట్టలల్ల ఊరూరు తిరిగినం, దొరకలే. మా ముందట పడనీకి ముఖం చెల్లక గన్నేండ్లు దూరం దూరం తిరిగిండు."

"ముఖం చెల్లకపోవుడేంది? ఆయన ఎవరమ్మా?"

"గని కూలిన్నాడు మా నాయన ఎడమ చేత్తోని బయటికి నూకింది గా సారయ్యనే బిడ్డా, ఆయన బయటపడ్డడు, చెయ్యి లోపల్నే ఉండిపోయింది."