డాక్టరు గారికి పడని ఓట్లు

"ఎవరికి నీ ఓటు?" షెరీఫ్ గొంతెత్తి అడిగాడు.

కమ్మరి జూబల్ టోపీ చేత్తో నలుపుతూ నిలబడ్డాడు. ఎదురుగా బల్ల వెనక కూర్చున్న ఇద్దరు పోటీదారుల్లో ఎవరి వైపూ చూడలేదు. "గిడియన్ స్ట్రౌడ్ గారికి," అన్నాడు నేల చూపులు చూస్తూ.

డాక్టర్ థాక్‌స్టన్ ఉలిక్కిపడ్డాడు. పోయిన చలికాలం జూబల్ కాలు కుళ్ళిపోతుంటే, కోసెయ్యకుండా నలభై రోజులు కట్లు కట్టి నిలబెట్టింది ఆయనే. ఆ కాలి మీదే నడిచొచ్చి అవతలి మనిషికి ఓటేశాడు!

పక్క కుర్చీలోంచి పిండిమర యజమాని స్ట్రౌడ్ లేచి, నడుం వంచి, "చాలా సంతోషం జూబల్," అన్నాడు. ఆ రోజుల్లో వర్జీనియాలో పద్ధతి అదే. ఓటరు అందరి ముందూ పేరు పైకి చెప్పాలి, ఆ పేరుగల ఆయన లేచి కృతజ్ఞత చెప్పాలి. గుట్టుమట్టుల్లేవు. కడుపులో పొడిచినా ఎదురుగా నిలబడే పొడవాలి.

తర్వాత ముసలి కెటిల్ వచ్చాడు. ఒళ్ళంతా నీరు పట్టి, పోతాడనుకుని పాస్టరుని కూడా పిలిపించుకుంటే, డాక్టరు మందుతో లేచిన మనిషి. "స్ట్రౌడ్," అన్నాడు. తర్వాత ఏమోస్. వాడి కవలలు బతికి బట్టకట్టారంటే డాక్టరు చలవే. "స్ట్రౌడ్," అన్నాడు వాడూ, ఏడవబోతున్నవాడిలా మొహం పెట్టి.

వింతేమిటంటే నది అవతలి పల్లెలవాళ్ళు, తమ వైద్యుడు తమకుండి ఈయన మొహమే ఎరగనివాళ్ళు, ఒకరి వెనక ఒకరొచ్చి "డాక్టర్ థాక్‌స్టన్" అంటున్నారు. ఆయన లేచి వంగి దండాలు పెడుతూనే ఉన్నాడు గానీ బుర్ర పనిచెయ్యడం లేదు. ముక్కూ మొహం తెలియనివాళ్ళు నెత్తిన పెట్టుకుంటుంటే, తను ప్రాణం పోసినవాళ్ళు గొంతు కోస్తున్నారు.

మధ్యాహ్నం కాస్త తెరిపి దొరకగానే వరండాలోకి పోయి జూబల్ రెక్క పట్టుకున్నాడు.

"నిజం చెప్పు. స్ట్రౌడ్ ఓటర్లకి పెట్టిన పీపాలో విస్కీ ఎంత తాగావు?"

"ఒట్టు డాక్టరు గారూ, చుక్క ముట్టలేదు."

"మరి నేనేం పాపం చేశాను రా?"

"మీరా? మీరు దేవుడండీ."

"దేవుడికి వెయ్యాల్సిన ఓటేనా అది?"

"నన్నడక్కండి బాబూ," అని జూబల్ చెయ్యి విడిపించుకున్నాడు. నిజంగానే వాడి నోట విస్కీ వాసన లేదు. అది మరీ దెబ్బ కొట్టింది డాక్టరుని. తాగి వేసినా క్షమించేవాడు.

ఆయనకి పదవి మోజేమీ లేదు. పోయిన వేసవిలో మశూచికి ఊళ్ళో పదకొండు మంది పిల్లలు పోయారు. అందులో ఆయన కూతురు లీడియా ఒకతె. టీకా నుంచే రోగం అంటుకుంటుందన్న భయంతో, చుట్టూ రెండు మైళ్ళలో ఇరుగుపొరుగు ఒప్పుకుంటే తప్ప అది వెయ్యకూడదని చట్టం. గడపగడపకీ తిరిగి బతిమాలేలోగా పిల్ల చేతుల్లోనే చల్లబడిపోయింది. రిచ్‌మండ్ శాసనసభకి వెళ్ళి ఆ చట్టాన్ని మార్పించాలి. అంతే ఆయన కోరిక.

పొద్దు వాలేసరికి గుమాస్తా లెక్క చదివాడు. ఇద్దరికీ చెరి నూట నలభై రెండు. ఇక మిగిలింది పోటీదారుల ఓట్లు రెండే. ఒకరికొకరు ఓటేసుకోవడం అక్కడి మర్యాద. తన పేరు తనే చెప్పుకున్న మనిషిని ఆ జిల్లాలో ఎవరూ గుమ్మం తొక్కనివ్వరు. ఓట్లు సమానమైతే గెలుపు తేల్చేది షెరీఫ్. ఆయన డాక్టరు బావమరిది. బావ వైపు చూసి మీసం కింద నవ్వాడు కూడా.

డాక్టరు లేచాడు. ఉన్న కోపమంతా దిగమింగి, "గిడియన్ స్ట్రౌడ్," అన్నాడు.

స్ట్రౌడ్ వంగి కృతజ్ఞత చెప్పాడు. తర్వాత నిటారుగా నిలబడి అన్నాడు.

"గిడియన్ స్ట్రౌడ్."

గుమాస్తా చేతిలో కలం ఆగిపోయింది. హాలు కప్పెగిరిపోయేలా గోల లేస్తుందనుకున్నాడు డాక్టరు. ఒక్కరూ నోరు విప్పలేదు. జూబల్, కెటిల్, ఏమోస్, అందరూ తప్పుచేసిన పిల్లల్లా తలలు దించుకుని నిలబడ్డారు. ఊరు ఊరంతా కూడబలుక్కున్నారన్నమాట!

"సిగ్గులేదూ నీకు?" బల్ల గుద్దాడు. "మర్యాదస్తుడివేనా నువ్వు? అధికారం మీద అంత ఆశా?"

స్ట్రౌడ్ కళ్ళు చెమర్చాయి. "మా ఆవిడ టాబిథాకి మళ్ళీ నెల తప్పిందండీ. నవంబరులో కాన్పు. ముగ్గురు బిడ్డల్ని మట్టికిచ్చాం. పోయినసారి తల్లయినా దక్కిందంటే మీ చెయ్యి పడబట్టే. సభేమో అక్టోబరు నుంచి క్రిస్మస్ దాకా."

డాక్టరు బల్ల మీంచి చెయ్యి తీశాడు. "అయితే అప్పుడు ఆమెని వదిలి నువ్వు పోతావా?" అన్నాడు.

"పోతాను. ఆ టీకా చట్టం సంగతి కాగితం మీద రాసివ్వండి, సభలో అక్షరం పొల్లుపోకుండా నేను చదువుతా. నేను ఊళ్ళో లేకపోతే ఎవరూ చావరు, డాక్టరు గారూ."